పురుగు దాటని ఆకు

పోయినవారం కథలో బైండరు సూదక్కను బల్ల ముందు కూర్చోబెట్టి, చేతికి భూతద్దమిచ్చి వచ్చేశాం. మనిషి అక్కడినుంచి కదల్లేదు. గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. జిగురు గిన్నె అడుగంటి వాసనొస్తే, లేచి పొయ్యి ఆర్పేసి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

బల్ల మీద ఉన్నది 'ఉప్పుకోట'. ఆ ఊళ్ళో చదవడం వచ్చిన ప్రతి మనిషీ చిన్నప్పుడు దుప్పట్లో దూరి చదివిన నవల. సముద్రం ఇంకిపోయిన చోట ఉప్పుతో కట్టిన కోట, దానికి ఏడు తలుపులు, చినుకు పడితే కరిగిపోయే కాపలా గుర్రాలు, ఆ గుర్రాల మీదెక్కి అన్నను వెతకబోయిన పదేళ్ళ పిల్ల. అరవై ఏళ్ళలో ఆ పుస్తకం పన్నెండు మార్లు అచ్చయింది. లెక్కల మాస్టారు ఆ పన్నెండు రకాల ముద్రణలనూ ముప్పై ఏళ్ళుగా పోగుచేస్తున్నారు. ఎర్ర గుడ్డ అట్టది, బడిపిల్లల కోసం సగానికి కుదించింది, కాగితం కరువులో పసుపుపచ్చ నాసిరకం మీద వేసింది, ప్రచురణకర్తకు తెలియకుండా ఎవరో దొంగచాటుగా వేసుకున్నది, అన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి. లేనిదల్లా మూడో ముద్రణ. అది కూడా ఉత్తది కాదు, పటం ఉన్నది.

ఆ పటానికో కథ ఉంది. మూడో ముద్రణలో ఉప్పుకోట రాజ్యం పటం ఒకటి గీయించి, మడతపెట్టి, పదహారో పేజీ తర్వాత అంటించారు. అచ్చు కోసం బ్లాకు చేసినవాడు బొమ్మను కుడిఎడమలు తారుమారు చేశాడు. పేర్లను మాత్రం అచ్చక్షరాలతో విడిగా కూర్చారు గనుక అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి. దాంతో నిద్రకొండ వెళ్ళి సముద్రంలో పడింది, ఓడరేవు కొండెక్కి కూర్చుంది. రచయిత అగ్గిమీద గుగ్గిలమై, కొట్లకు పంపిన పుస్తకాల్లోంచి కూడా పటాలు పీకించి పారేయించాడు. అందుకని మూడో ముద్రణ వెతికితే దొరుకుతుంది గాని పటం దొరకదు. మిగిలింది ఒక్కటే, ఊరి గ్రంథాలయంలోది. ఎనిమిదేళ్ళ కిందట ఆ పటాన్ని కూడా ఎవరో పుస్తకంలోంచి కాజేశారు. అప్పుడక్కడ అటెండరుగా ఉన్న సూదక్క తమ్ముడి మీద అనుమానం పడింది. ఉద్యోగం ఊడింది. ఇప్పుడతను పాత పుస్తకాలు బస్తాలకొద్దీ కొని, విడిగా అమ్ముకుని బతుకుతున్నాడు. ఊరు అతని పేరు మరిచిపోయి బస్తా అని పిలుస్తోంది.

ఇన్నేళ్ళకు, పటంతో సహా మూడో ముద్రణ మాస్టారి చేతికొచ్చిందట. తెచ్చిచ్చింది ఆ బస్తాయే. సోమవారం గ్రంథాలయంలో మాస్టారి పేర ఒక గది తెరుస్తారు. పన్నెండూ అసలైనవేనని, తర్వాత చేర్చిన ఆకు ఒక్కటి కూడా లేదని బైండరు సంతకం పెడితే, అవి అద్దాల బీరువాలోకి వెళ్తాయి. ఊళ్ళో మిగిలిన బైండరు సూదక్క ఒక్కతే. ఇవాళ శనివారం.

"వెన్ను ఒక్కటి గట్టిచేస్తే చాలు తల్లీ. లోపలేం ముట్టుకోకు, నలుగుతుంది" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు మాస్టారు. యాభై రెండేళ్ళ సూదక్కకు ఆయన పుస్తకం ఇచ్చి జాగ్రత్తలు చెప్పడం ఇదే మొదలు. ఆ మాట ముల్లులా గుచ్చుకోబట్టే ఆమె లోపల చూసింది.

పుస్తకాల పురుగు తెలివితక్కువది. దానికి పక్కదారులు తెలియవు. అట్టలోంచి దిగిందంటే, ఎదురుగా ఉన్న ఆకునల్లా తొలుచుకుంటూ సూటిగా పోతుంది. ఈ పుస్తకంలో పురుగు మొదటి ఆకులో దిగి ఇరవయ్యో ఆకులో తేలింది. ఆవగింజంత రంధ్రం, పైనుంచి సూది గుచ్చితే అటువైపుకు వచ్చేలా ఉంది. ఎనిమిదో ఆకులో ఉంది. తొమ్మిదో ఆకులో ఉంది. రెంటి నడుమ అంటించిన పటంలో మాత్రం లేదు.

పురుగు ఒక ఆకు మీంచి దూకి అవతల పడదు కదా.

పటానికి వేరే కన్నం ఉంది. మడత దగ్గర, గోరు ముద్రలాగా, అర్ధచంద్రంలా. దానికి అటూ ఇటూ ఉన్న పేజీల్లో ఆ కన్నం జాడే లేదు. పటాన్ని తిన్న పురుగు వేరు, పుస్తకాన్ని తిన్న పురుగు వేరు.

సూదక్క లేచి అలమర పై అరలోంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీసింది. పురుగు కొట్టిన పుస్తకం ఏది బాగుచేయవలసి వచ్చినా, కుట్టు విప్పేముందు కన్నాల మీద పల్చటి కాగితం పరిచి గీతలు దింపుకోవడం వాళ్ళింటి అలవాటు. మాసికలు ఆ కొలతకు కత్తిరిస్తారు. నాన్న మొదలుపెట్టాడు, ఆమె మానలేదు. పురుగుల జాతకాలు అని తమ్ముడు నవ్వేవాడు. ఎనిమిదేళ్ళ కిందటి పుటల్లో 'గ్రంథాలయం, ఉప్పుకోట, మూడోది' అని రాసి ఉన్న పల్చటి కాగితం దొరికింది. తీసి పటం మీద పరిచింది.

అర్ధచంద్రం మీద అర్ధచంద్రం అచ్చుగుద్దినట్టు కూర్చుంది.

అప్పుడు పటం అంచును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. సన్నని లవంగ నూనె వాసన. అంటించిన చోట గీతలా నీలి చాయ, మైలుతుత్తం. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం చాలామంది వేస్తారు, లవంగ నూనె కలిపేవాళ్ళు మాత్రం లోకంలో ఇంకెవరూ లేరు. ఆ పాళ్ళు తెలిసినవాళ్ళు మొత్తం ముగ్గురు. నాన్న పోయి ఏడేళ్ళయింది. ఒకతె తను. ఇక మిగిలింది ఎవరో వేళ్ళు మడిచి లెక్కపెట్టనక్కర్లేదు.

ఎనిమిదేళ్ళుగా సూదక్క ఆ అనుమానాన్ని బయటికి రానివ్వలేదు, లోపల్నుంచి పోనివ్వనూ లేదు. ఇవాళ అది తనంతట తనే లేచి నిలబడింది. పుస్తకాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. తలుపు తాళం వేసి ఎండలోకి నడిచింది.

బస్తా కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంది. పైన దర్జీ మిషను టకటకమంటుంటే కింద పుస్తకాల మీద దుమ్ము కొద్దికొద్దిగా రాలుతూ ఉంటుంది. గడపలో మరదలు పీట వేసుకుని పుస్తకాల కట్టలకు పురికొస బిగిస్తోంది. ఆడపడుచును చూసి పురికొస పళ్ళతో తెంపి, పక్కకు ఉమ్మేసింది.

"రా వదినా. దారి తప్పొచ్చావా, పనిమీదొచ్చావా? దారి తప్పే వచ్చుంటావులే. పనుంటే కబురు పెడతావుగా."

"వాడున్నాడా?"

"లేకపోతే ఎక్కడికి పోతాడు? ఆఫీసుకా?"

ఎనిమిదేళ్ళుగా ఆమె మాటల్లో ఆ ఆఫీసు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. సూదక్క వినీవిననట్టు లోపలికి నడిచింది. బస్తా బోర్లించిన పెట్టె మీద కూర్చుని, తడిసిన పుస్తకం ఆకుల మధ్య పాత పేపరు ముక్కలు పెడుతున్నాడు. మోకాళ్ళ నొప్పులు, నెరిసిన గడ్డం. అక్క కంటే ఆరేళ్ళు చిన్నవాడంటే ఎవరూ నమ్మరు.

"అక్కా! కూర్చో, కూర్చో. ఆ కట్ట మీద కూర్చో, అవి పాత డిక్షనరీలు, గట్టిగా ఉంటాయి."

సూదక్క కూర్చోలేదు. సంచిలోంచి పుస్తకం తీసి గుడ్డ విప్పింది.

"ఇది నువ్విచ్చిందేనా?"

"నేనే. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే మూడు బస్తాలు ఎత్తుకొచ్చా, అందులో తేలింది. ఏం, మాస్టారికి నచ్చలేదా? పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడే!"

"పటం ఎక్కడిది?"

"ఏ పటం?"

"ఒరేయ్, నా దగ్గరొద్దు."

ఆమె పదహారో పేజీ తెరిచి పటం మడత విప్పింది. ఉప్పు సముద్రం నడిమధ్యన నిద్రకొండ పేరు తేలుతోంది. బస్తా చేతిలోని పేపరు ముక్కలు జారి కింద పడ్డాయి. మొహంలో నెత్తురు లేదు. పటం వంక, అక్క వంక, మళ్ళీ పటం వంక చూశాడు. సూదక్క కంటికి అదంతా దొంగ చూపులాగే కనిపించింది.

"చెప్పు. నీళ్ళు నమలకు. ఇది లైబ్రరీ పటం. కన్నంతో సహా నా దగ్గర గీత ఉంది. అంటించింది మనింటి జిగురుతో. ఎనిమిదేళ్ళు ఎక్కడ దాచావు? ఎందుకు దాచావు? దొంగసొత్తు తెచ్చి ఆయన నెత్తిన రుద్దడానికి నీకు మనసెలా వచ్చిందిరా? సోమవారం ఎవరైనా గుర్తుపడితే ఆ పెద్దాయన ఏమైపోవాలి? సంతకం పెట్టిన నేనేమైపోవాలి?"

పైన మిషను ఆగిపోయింది. దర్జీ చెవులు రిక్కించినట్టున్నాడు.

బస్తా పటం మడతను వేలితో ఒకసారి తడిమాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అయితే ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉందన్నమాట."

"ఏంటీ?"

"అదే అంటున్నా. ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉంది. ఇప్పుడు మాస్టారి కోసం తీశావు. తీస్తే తీశావు, మళ్ళీ నా మీదికే ఎందుకు తోస్తావక్కా? ఒకసారి మోశాను కదా. రెండోసారి కూడా నేనే మొయ్యాలా?"

గడపలోంచి మరదలు లేచి వచ్చింది. చేతిలో పురికొస ఉండ అలాగే ఉంది.

"ఏం మోశావు?" అంది మొగుడితో.

"నువ్వు ఊరుకోవే."

"ఎనిమిదేళ్ళు ఊరుకున్నా. ఏం మోశావో చెప్పు."

బస్తా తల దించుకున్నాడు. కిందపడిన పేపరు ముక్కలు ఒక్కొక్కటిగా ఏరుతూ, నేలతో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ పుస్తకం అక్క దగ్గర బాగుచేయించి తెమ్మని ఆఫీసరు నాకిచ్చాడు. మూడు రోజులుంది వీళ్ళింట్లో. నాలుగోరోజు అక్క కాగితం చుట్టి, దారం కట్టి నా చేతిలో పెట్టింది. నేను దారిలో ఎక్కడా ఆగలేదు. తీసుకెళ్ళి బీరువాలో పెట్టా. వారం తర్వాత ఎవరో పటం చూడాలని వస్తే, అప్పుడు విప్పారు. లేదు. దారిలో మూట విప్పావా అని నన్నడిగారు. విప్పితే నాకు తెలియదా? అక్క వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ ముడి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ పడదు. నాన్న ఎంత నేర్పినా నాక్కూడా పడలేదు. ముడి చెక్కుచెదరలేదని చెప్పానంటే, పటం ముడి వెయ్యకముందే పోయినట్టు. అంటే అక్క ఇంట్లో పోయినట్టు. అందుకని…"

"అందుకని?" అంది మరదలు.

"ముడి దారిలోనే ఊడిపోతే మళ్ళీ నేనే కట్టానని చెప్పా."

మరదలి చేతిలోంచి పురికొస ఉండ జారి దొర్లుకుంటూ పోయి బస్తాల కింద దూరింది.

"అంటే నువ్వు తియ్యలేదు" అంది ఆమె. "తియ్యలేదని నీకు తెలుసు. తెలిసీ నాకు చెప్పలేదు. నేను నిన్ను రోజూ ఆ ఆఫీసు పేరెత్తి పొడుస్తూనే ఉన్నా. నువ్వు అన్నం తింటూనే ఉన్నావు."

"చెబితే నువ్వూరుకుంటావా? తెల్లారేసరికి అక్క గుమ్మం ముందుండేదానివి."

"ఉండేదాన్నే! ఎందుకుండను?"

సూదక్క డిక్షనరీల కట్ట మీద కూలబడింది. తమ్ముడు దొంగ అని ఎనిమిదేళ్ళు తను నమ్మింది. అక్క దొంగ అని ఎనిమిదేళ్ళు వాడు నమ్మాడు. అయినా కాపాడాడు. తను నమ్మి ఏం చేసింది? గడప తొక్కడం మానేసింది.

"నేను తియ్యలేదురా" అంది.

బస్తా తలెత్తి చూశాడు. ఆ చూపులో నమ్మకం వెంటనే రాలేదు. అది రావడానికి పట్టిన ఆ రెండు క్షణాలూ సూదక్క కళ్ళు పక్కకు తిప్పలేదు. ఆ శిక్ష తనకు తగునని ఆమెకు తెలుసు.

"నేనూ తియ్యలేదు. ఈ పుస్తకం మాస్టారికి ఇచ్చినప్పుడు ఇందులో పటం లేదు. ఒట్టు పెట్టాల్సిన పన్లేదు, వెనక అట్ట లోపల చూడు. కొట్లోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ నేను కింద మూల పెన్సిలుతో రాస్తా. ఆకులెన్ని, ఏం ఉన్నాయి, ఏం లేవు. కొన్నవాడు రేప్పొద్దున వచ్చి నా మీద పడకుండా."

వెనక అట్ట తెరిచింది. కింద మూల తెల్లగా ఉంది. మిగతా కాగితమంతా మాగిన ఆకు రంగులో ఉంటే, వేలెడంత మేర అక్కడ మాత్రం మరీ తెల్లగా ఉంది. రబ్బరు పెట్టి రుద్దిన తెలుపు. సూదక్క పుస్తకాన్ని గడప దగ్గరికి తీసుకెళ్ళి, ఎండ ఏటవాలుగా పడేలా వంచింది. పెన్సిలు చెరిగినా, అది నొక్కిన గాడి చెరగలేదు.

192 ఆకులు. పటం లేదు.

మరదలు భుజం మీంచి తొంగి చూసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "చెరిపిందెవరు?" అంది.

"ఇది నా చేతిలోంచి మాస్టారి చేతికి, ఆయన చేతిలోంచి అక్క చేతికి. మధ్యలో ఎవరున్నారు?" అన్నాడు బస్తా. అని, తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. "ఛ. ఆయనెందుకు చేస్తాడు? ఆయనకు బైండింగేం వచ్చు? మన జిగురు ఆయన దగ్గర ఎలా ఉంటుంది?"

సూదక్క కళ్ళముందు ఒక సీసా కదిలింది. వెడల్పు మూతి దగ్గుమందు సీసా. తన బీరువాలోని పుస్తకాల వెన్నుల మీద అంకెల చీటీలు అంటించుకోవడానికి మాస్టారు ఆ సీసా పట్టుకుని నెలకోసారి వస్తారు. ఆమె గిన్నెలోంచి గరిటెతో పోస్తుంది. ఎన్నేళ్ళుగా పోస్తోందో ఆమెకే గుర్తులేదు. జిగురు గడప దాటకూడదని నాన్న చెప్పిన మాట మాస్టారి విషయంలో ఎన్నడూ గుర్తుకు రాలేదు. తండ్రి పోయాక తండ్రంతవాడై నిలబడిన మనిషికి గరిటెడు జిగురు పొయ్యకపోవడమేమిటి?

సీసా వెనకాలే ఇంకో జ్ఞాపకం వచ్చింది.

ఆ నాలుగోరోజు పొద్దున. పుస్తకం కుట్టడం పూర్తయింది. నాన్న మూల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చూపు మందగించి, చేతులు వణికి, పని మానేసిన రోజులవి. మాస్టారు ఆ పటాన్ని కడసారి చూసుకుంటానని వచ్చి, బల్ల దగ్గర కూర్చున్నారు. పొయ్యి మీద జిగురు పొంగితే ఆమె లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చి, మూట కట్టేముందు ఎప్పటిలాగే ఆకులు లెక్కపెట్టబోయింది. ఎవరు చెప్పినా వినకు, నీ వేళ్ళతో నువ్వు లెక్కపెట్టాకే ముడి వెయ్యి అని నాన్న చిన్నప్పుడు నేర్పిన మొదటి పాఠం అది. మాస్టారు నవ్వి, "నేను లెక్కపెట్టానమ్మా. పటంతో కలిపి నూట తొంభై మూడు. నువ్వు మళ్ళీ చూడక్కర్లేదు" అన్నారు.

లెక్కల మాస్టారి లెక్కను ఎవరు సరిచూస్తారు? ముడి వేసేసింది.

నలభై ఏళ్ళ పనిలో సూదక్క లెక్కపెట్టకుండా కట్టిన పుస్తకం అదొక్కటే.

"నేనూ వస్తా" అంది మరదలు, చెప్పులేసుకుంటూ. సూదక్క మొహంలో ఆమె ఏం చూసిందో గాని, గొంతులో పుల్లవిరుపు లేదు.

"వద్దమ్మా. అది నా బల్ల దగ్గర జరిగింది. నా బల్ల దగ్గరే తేలాలి." పుస్తకం గుడ్డలో చుట్టి, తమ్ముడి వైపు తిరిగింది. వాడి గడ్డం మీద పడిన దుమ్ము కొంగుతో తుడిచింది. అంతే.

ఇంటికి వచ్చేసరికి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఉతికిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒళ్ళో చేతిసంచి. ఎప్పుడూ చూసే మనిషే. ఇవాళ ఆమెకు ఆ గోళ్ళ కింద నీలి చాయ ఉందేమో అనిపించింది. ఉందో, ఎండ నీడో.

"తాళం వేసుంటే ఇక్కడే కూర్చున్నా తల్లీ. ఎక్కడికి వెళ్ళావు?"

"దారం తేవడానికి."

ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం. ఆయన చూపు ఆమె సంచి మీద పడి, అక్కడే ఆగింది.

"దారం బరువుగా ఉన్నట్టుందే."

ఆమె తాళం తీసింది. ఆయన లోపలికి వచ్చి తన కుర్చీ తనే జరుపుకుని కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆయనకంటూ ఒక కుర్చీ ఉంది. చేతిసంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. అడుగున ఎండిన నీలి చార.

"కాస్త జిగురు పొయ్యమ్మా. ఇంకో రెండు చీటీలున్నాయి. తర్వాత దీని పని చూద్దాం" అని, మడతపెట్టిన కాగితం విప్పి ఆమె ముందుకు జరిపారు. పన్నెండు ముద్రణలూ వరసగా టైపు చేసి ఉన్నాయి. మూడోదాని ఎదుట 'పటంతో సహా, అచ్చయిన నాటి స్థితిలో' అని ఉంది. కింద ఖాళీ గీత. "అక్కడ."

సూదక్క సీసా ముట్టుకోలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, గుడ్డ విప్పి, కాగితం పక్కన పెట్టింది. దారం కాదని ఇద్దరికీ ముందే తెలుసు.

"ఆకులు లెక్కపెట్టారా మాస్టారూ?"

"లెక్కపెట్టానమ్మా. పటంతో కలిపి నూట తొంభై మూడు. నువ్వు మళ్ళీ చూడక్కర్లేదు."

మాటకు మాట. ఎనిమిదేళ్ళలో ఒక్క అక్షరం అరగలేదు.

ఆమె చూపుడువేలు నాలుకకు తాకించుకుంది.

"చూస్తాను. ఆ రోజు చూడలేదుగా."

మొదటి ఆకు తిప్పింది. ఒకటి. రెండు. మూడు. వీధి గుమ్మంలో ఎవరిదో నీడ పడింది. వద్దన్నా వచ్చి, బస్తా గడప అవతల నిలబడ్డాడు. మాస్టారు అతణ్ణి చూశారు. ఆరు. ఏడు. ఎనిమిది. ఆమె వేలు పటం అంచును తాకింది. ఆయన చెయ్యి వచ్చి ఆమె వేలి మీద పడింది. బరువుగా ఉంది గాని వణకలేదు.

"పురుగును చూశావన్నమాట" అన్నారు.

"చూశాను."

"నీ పనితనం మీద నాకెప్పుడూ అనుమానం లేదు. లోపల చూడొద్దన్నది అందుకే." ఆయన గుమ్మంవైపు తల తిప్పారు. "రావయ్యా, నువ్వూ లోపలికి రా. నీ ఉద్యోగం పోయింది, వినే హక్కు నీకుంది. పటం అంటించింది నేను. పెన్సిలు చెరిపింది నేను. ఎనిమిదేళ్ళు దాచిందీ నేనే. కానీ ఆ పొద్దున దాన్ని పుస్తకంలోంచి తీసింది నేను కాదు."

"మరెవరు?" అంది సూదక్క. "ఆ గదిలో మీరున్నారు. నేను పొయ్యి దగ్గరున్నాను. ఇంకెవరున్నారని?"

మాస్టారు చేతిసంచిలో అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక పాత ఖాకీ కవరు తీసి, ఆమె గీతలు దింపుకున్న నోటుపుస్తకం మీద ఉంచారు. కవరుకు అడ్డంగా, నిలువుగా బైండింగు దారం కట్టి ఉంది. ఎప్పుడో కవరును ఒక పక్కన బ్లేడుతో చీల్చి, లోపలిది తీసుకున్నట్టుంది. ముడి మాత్రం ఎవరూ విప్పలేదు.

అది వాళ్ళింటి ముడి. సందేహం లేదు. బస్తా ముందుకు వంగి అక్క వంక చూశాడు. అతని చూపులో, ఇందాక కొట్లో పోయిందనుకున్న అనుమానం మళ్ళీ తల ఎత్తింది.

సూదక్క తమ్ముడివైపు చూడలేదు. భూతద్దం కూడా తీసుకోలేదు. ఆమె కుడిచేత్తో బిగిస్తుంది గనుక ఆమె ముడి ఎప్పుడూ కుడికి వాలుతుంది. ఆ ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే. చూపు మందగించి, చేతులు వణికి, ఆ పొద్దున గోడవైపు తిరిగి పడుకున్న మనిషి.

ముడి ఎడమకు వాలి ఉంది.